మొగలిపర్ర బూటు లాగులు

పెసంగి భూలోకమ్మకు భయపడటానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. కూతురు తుమ్మితే క్షయ అనుకుంటుంది. ఒక పూట అన్నం వద్దంటే పేగు మెలిక పడిందనుకుంటుంది. మబ్బు పడితే తుఫాను, మబ్బు విడితే వడదెబ్బ. అలాంటి మనిషి కడుపున పుట్టిన పోలేశ్వరి రోజూ నడుము లోతు నీళ్లలో దిగి గుల్లలు ఏరి బతుకుతోందంటే, దేవుడికీ కాస్త వెటకారం ఉందనే అనుకోవాలి.

గోదావరి పాయ ఒకటి మడ అడవిలోంచి మెలికలు తిరిగి సముద్రంలో కలిసేచోట ఉంది మొగలిపర్ర. పాటు వేళకు, అంటే సముద్రం నీటిని వెనక్కు లాక్కునే వేళకు, ఊళ్లో అరవై ముగ్గురు ఆడవాళ్లు పాయలో దిగుతారు. గుల్ల బురదలో జానెడు లోతున ఉంటుంది. కంటికి కనపడదు, చేతికి అందదు. అరికాలికే తెలుస్తుంది. అరికాలు ఇక్కడుందని చెబితే బుడుంగున మునిగి తీసి, నడుముకు తాడుతో కట్టుకున్న తట్టలో వేస్తారు. "దేవుడు నాకు నాలుగు కళ్లిచ్చాడే, రెండు మొహాన, రెండు అరికాళ్లలో," అంటుంది అరవయ్యేళ్ల మరిడమ్మ.

భూలోకమ్మ మాత్రం గట్టు దిగదు. చిన్నప్పుడు చిలక జోస్యంలో నీటిగండం వచ్చిందట. చిలక మరో కార్డు తీసుంటే బతుకు ఎలా ఉండేదో కానీ, ఆ రోజు నుంచి ఆమె చీలమండ దాటి నీళ్లు ఎరగదు. గట్టుమీద పొయ్యి పెట్టి గుల్లలు ఉడకబెట్టి, మాంసం వేరు చేస్తూ, నీళ్లలో ఉన్న కూతురి తల లెక్కపెట్టుకుంటూ ఉంటుంది. ఒక్క తలే కాబట్టి లెక్క తప్పదు. అయినా మళ్లీ మళ్లీ లెక్కపెడుతుంది.

ఒకరోజు పోలేశ్వరి మడమకు గుల్ల అంచు గీరుకుంది. అంగుళం గాటు. "ఏం కాదులేవే అమా, ఉప్పునీళ్లే మందు," అంది పిల్ల. భూలోకమ్మకు అప్పటికే ధనుర్వాతం కళ్లముందు కనపడింది. ధనుర్వాతం వెనకాల కాలు తీసెయ్యడం, కాలు తీసేశాక పెళ్లి కాకపోవడం, ఆ వెనకాల తను పోయాక ఒంటికాలి పిల్లకు గంజి పోసేవాళ్లు లేకపోవడం, అన్నీ వరసగా కనపడ్డాయి. ఊరి నర్సమ్మ దగ్గరికి పరుగెత్తితే, ఆ సూదిమందు అయిపోయి ఏడాదైందంది నర్సమ్మ.

ఏడో తరగతి దాకా చదివిన భూలోకమ్మ అప్పుడు జీవితంలో మొదటి అర్జీ రాసింది.

"అయ్యా, మా అమ్మాయి కాలికి గుల్ల గీరుకున్నది. మా ఊరి నర్సమ్మ దగ్గర సూదిమందు లేదు. దయచేసి ఒక సీసా ఉంచగలరు. ఇట్లు, భూలోకమ్మ."

సోమవారం అర్జీల రోజున మండలాఫీసులో ఇచ్చి వచ్చింది. గాయం వారంలో మానిపోయింది. అర్జీ మాత్రం మానలేదు.

సూది ఉంది కాబట్టి అది వైద్యం వాళ్లకు వెళ్లింది. గుల్ల ఉంది కాబట్టి వాళ్లు మత్స్యం వాళ్లకు తోశారు. అక్కడ త్రివిక్రమరావు గారనే అధికారి అప్పుడే పదకొండు రోజుల విదేశీ అధ్యయన యాత్ర ముగించుకొని, ఇంకా చలికోటు విప్పకుండా కూర్చున్నారు. ఆ దేశంలో మంచుకొండల నడుమ సెలయేళ్లలో దొరలు చేపలు పడుతుంటే చూశారాయన. పాదం నుంచి చంక దాకా ఒకే ముక్కగా, కింద బూటు, మీద లాగు, భుజాలకు పట్టీలు. లోపల చుక్క నీరు దూరదు. దాన్ని అక్కడ వేడర్లు అంటారట. త్రివిక్రమరావు గారు అర్జీ చదివి, సూది అన్న మాట కొట్టేసి, పక్కన ఎర్రసిరాతో రాశారు: "గాయమైన పిదప చికిత్స పాత పద్ధతి. పాదమునే నీటినుండి వేరు చేయుట ఆధునిక పద్ధతి."

నాలుగు నెలలకు ఊళ్లోకి జీపు వచ్చింది.

*

బోర్లించిన పడవ మీదికెక్కి త్రివిక్రమరావు గారు కాగితం చదివారు.

"ఇందుమూలముగా సమస్త గుల్లల సేకరణదారులకు తెలియజేయునది ఏమనగా, పెసంగి భూలోకమ్మ గారి విన్నపమును ప్రభుత్వము సానుభూతితో పరిశీలించి, నేటినుండి నగ్నపాదములతో జలప్రవేశమును నిషేధించడమైనది. ప్రతి సేకరణదారు ఆపాదవక్ష జలనిరోధక కవచమును ధరించవలెను. కవచము పాదమునకు సరిపోయినదని ధ్రువపత్రము పొందవలెను."

అరవై మూడు తలలు భూలోకమ్మ వైపు తిరిగాయి.

"నేనా? నేను సూదే కదండీ అడిగింది!" అంది భూలోకమ్మ.

"తల్లి కోరిన దానికంటే ప్రభుత్వం ఎక్కువే ఇస్తుందమ్మా," అన్నారాయన ప్రేమగా.

మరిడమ్మ ముందుకొచ్చింది. "ఆయ్, బాబుగారూ, ఒక ముక్క. గుల్ల ఎక్కడుందో మాకు కాలికే తెలుత్తాదండి. దాని మీద బూటేసేత్తే ఎలా తెలుత్తాదండి?"

"అంటే పాదం మీ పనిముట్టు."

"ఆయ్."

"పనిముట్టుకు కవరు ఉండాలా వద్దా?"

"కంటికి గంతలు కట్టి దారి సూడమన్నట్టుందే," అని మరిడమ్మ వెనక్కి తిరిగి గొణిగింది.

మర్నాడు బడి వరండాలో కొలతలు. కాళ్లకు స్టాంపు సిరా పూసి తెల్లకాగితాల మీద నిలబెట్టారు. పోలేశ్వరికి ఎండ తగులుతుందని గొడుగు పట్టుకుని వరసలో నిలబడ్డ భూలోకమ్మ కాలికీ సిరా పూసేశారు. "నేను నీళ్లలోకి దిగనండీ," అంటే, "వరసలో ఉన్నవాళ్లందరూ సేకరణదారులే," అన్నాడు కొలిచే గుమస్తా.

అరవై నాలుగు పాదాలయ్యాయి. అన్నీ కుడిపాదాలే. ఎడమది కుడిదానికి అనుబంధమే కనుక వేరే కొలవనక్కర్లేదని నిబంధన. త్రివిక్రమరావు గారు అన్నీ కూడి, అరవై నాలుగుతో భాగించి, ఇరవై మూడు సెంటీమీటర్ల ఏడు మిల్లీమీటర్లని తేల్చారు. ఎత్తుకూ అదే లెక్క. అరవై నాలుగు బూటు లాగులూ ఆ ఒక్క కొలతకే తయారయ్యాయి.

"అందరికీ ఒకటే ఏటండీ?" అని అడిగింది పోలేశ్వరి.

"ఒకరికి పెద్దది, ఒకరికి చిన్నది ఇస్తే పక్షపాతం అంటారు. ఇది సగటు. సగటు అంటే సమన్యాయం."

సరుకుతో పాటు ఒక పుస్తకమూ వచ్చింది. అట్ట మీద మంచుకొండ, ఎర్రముక్కు దొర, చేతిలో చేప. పుస్తకంలో రాసినవి మంచి మాటలేనని ఒప్పుకోవాలి. లోపల మందపాటి మేజోడు వేసుకున్నాక కూడా వేళ్లు కదిలేంత ఖాళీ ఉండాలి. కుర్చీ మీద కాలు పెడితే గజ్జల్లో కుట్టు లాగకూడదు. గొంతుక్కూర్చుంటే చిరగకూడదు. నడుము దగ్గర బెల్టు బిగించాలి, లేకపోతే జారిపడినప్పుడు లాగులోకి నీళ్లు నిండి మనిషిని ముంచుతాయి. సరిపోని బూటు లాగు అసలు లేకపోవడం కంటే ప్రమాదం.

త్రివిక్రమరావు గారు ప్రతి వాక్యం కింద గీత గీసి, అక్షరం పొల్లు పోకుండా అమలు చేశారు.

మరిడమ్మ పాదం యాభై ఏళ్లు బురద తొక్కి విసనకర్రలా విచ్చుకుంది. బూటులో సగమే దూరింది. గొంతుక్కూర్చున్న మరొకావిడ వెనక పర్రుమంది. పోలేశ్వరిది చిన్నపాదం. బూటు లోపల అది చెంబులో చింతపిక్కలా దొర్లింది. కుర్చీ మీద కాలు పెట్టమంటే లాగు గజ్జ ఆమె మోకాళ్ల దగ్గరుంది. సాయంత్రానికి అరవై మూడు పత్రాలు తయారయ్యాయి. అన్నింట్లో ఒకటే మాట: "పాదము బూటునకు సరిపోలేదు. లోపము: పాదము."

చిట్టచివర భూలోకమ్మ. భయంభయంగా కాలు పెట్టింది. మడమ కుదిరింది. వేళ్లు కదిలాయి. కుర్చీ మీద కాలు పెట్టింది, కుట్టు లాగలేదు. గొంతుక్కూర్చుంది, చిరగలేదు. గుమస్తా పాత కాగితం తీసి చూసి కేకేశాడు. "సార్! ఇరవై మూడు పాయింట్ ఏడు!"

త్రివిక్రమరావు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. పుట్టి బుద్ధెరిగాక దేనిలోనూ మొదట రాని భూలోకమ్మ ఆ పూట మొగలిపర్ర మొత్తానికీ నీళ్లలో దిగే అర్హతగల ఒకే ఒక్క మనిషైంది.

"సంబడం! వంట రానిదానికి గరిటె దొరికినట్టుంది," అంది మరిడమ్మ.

*

మర్నాటి నుంచి పాయ గట్టు మీద గార్డు కూర్చున్నాడు. వట్టికాళ్లతో దిగితే నిబంధన ఒప్పుకోదు. సరిపోని బూట్లతో దిగితే పుస్తకం ఒప్పుకోదు. "మీ ప్రాణాలు మాకు ముఖ్యమమ్మా," అన్నారు త్రివిక్రమరావు గారు. "మరి తిండండీ?" అంటే, అది పౌర సరఫరాల వాళ్ల పరిధి అన్నారు.

ప్రజల్ని అలా వదిలేసే మనిషి కాదాయన. బూటుకు తగని పాదాల కోసం బడిలో పాద వికాస శిబిరం పెట్టారు. చిన్నపాదాలవాళ్లు రోజూ గంటసేపు వేళ్లు సాగదియ్యాలి. పెద్దపాదాలవాళ్లు మునివేళ్ల మీద నడవాలి. పదిహేను రోజులకు మళ్లీ కొలిస్తే పోలేశ్వరి పాదం ఒక మిల్లీమీటరు పెరిగింది. స్టాంపు సిరా చెమ్మకు పాకడం వల్లనని అందరికీ తెలుసు. నివేదికలో మాత్రం "గణనీయమైన పురోగతి" అని రాశారు.

ఇంకో చిక్కు వచ్చిపడింది. బూట్ల అడుగున ఉన్ని అట్ట ఉంది. పాచిరాళ్ల మీద జారకుండా ఉండేందుకు అది శ్రేష్ఠమని పుస్తకం. పాయలో రాళ్లు లేవు. ఎటు చూసినా బురదే. అడుగు మార్చడమా, పాయ మార్చడమా అని ఒక కమిటీ కూర్చుని, అడుగు అంతర్జాతీయ ప్రమాణం కనుక పాయనే మార్చాలని తేల్చింది. రెండు ట్రాక్టర్ల రాళ్లు తెచ్చి పోశారు. సాయంత్రానికి బురద వాటిని చడీచప్పుడు లేకుండా మింగేసింది. ఫైల్లో మాత్రం ఆ రాళ్లు ఇప్పటికీ గట్టిగానే ఉన్నాయి.

రెండు అమావాస్యలు, ఒక పున్నమి వృథాగా పోయాయి. నీళ్లు బాగా తీసేది ఆ రోజుల్లోనే. పొయ్యి మీద గుల్లల కుండ బోర్లించి ఉంది. పోలేశ్వరి గోడకు ఆనుకుని, కాళ్లు చాపి కూచుని చెప్పేసింది.

"అమా, ఈ పున్నం పాటు కూడా పోతే నేను రొయ్యల షెడ్డుకి ఎల్లిపోతాను. యానులో తీసుకెళ్తారంట. అక్కడే ఉండాలంట."

"షెడ్డా! అక్కడ గేసు లీకవుద్దంట! ఐసులో నిలబడి చేతి ఏళ్లు కొంకర్లు పోతాయంట. యాను తిరగబడితే ఎవురికి తెలుత్తాది? నువ్వు కేకేత్తే నాకు ఇనపడద్దా?"

"మరేం చెయ్యమంటావు? నువ్వేగా అర్జీ ఎట్టావు."

ఆ మాట గుల్ల అంచులా గీరుకుంది. ఇన్నాళ్లూ కూతుర్ని పాయ ఎక్కడ తీసుకుపోతుందోనని భయపడింది భూలోకమ్మ. ఇప్పుడు పాయ దక్కక వెళ్లిపోతోంది కూతురు.

తెల్లారగానే మత్స్యం ఆఫీసు మెట్ల మీద కూర్చుంది. త్రివిక్రమరావు గారు ఆమెను చూసి దేవత ఎదురైనట్టు పొంగిపోయారు.

"మంచి సమయానికి వచ్చారు! పున్నమికి పెద్ద సారు తనిఖీకి వస్తున్నారు. ప్రత్యక్ష ప్రదర్శన ఉంది. మీరు కవచం ధరించి నీటిలోకి దిగి, ఒక్క గుల్ల తీసి చూపిస్తే చాలు. పథకం విజయవంతమైనట్టే. అప్పుడు మిగతావారికి, పాదాలు సరైన కొలతకు వచ్చేవరకు, తాత్కాలిక మినహాయింపు ఇస్తాం."

"అంటే మా పోలేశు వట్టికాళ్లతో దిగొచ్చాండీ?"

"తాత్కాలికంగా."

"నాకు నీటిగండం ఉందండీ."

"కవచం ఉందిగా. అది ఏ గండాన్నైనా నిరోధిస్తుంది."

భూలోకమ్మ పుస్తకంలో బెల్టు బొమ్మ గుర్తుచేసుకుంది. "మరి బెల్టేదండీ? అది లేపోతే నీళ్లు నిండుతాయని మీ పుత్తకంలోనే రాశారు కదండీ."

"బెల్టు తోలు వస్తువు కావడాన పశుసంవర్ధక శాఖ అభిప్రాయానికి పంపాం. వస్తుంది."

*

ప్రదర్శన పదకొండు గంటలకని ముద్రించారు. అప్పటికి పాటు అడుగంటి, బురద మీద మోకాలి లోతు నీళ్లే ఉంటాయి. పెద్ద సారు రెండింటికి వచ్చారు. షామియానా, పూలదండ, స్వాగత గీతం అయ్యేసరికి మూడు. సముద్రం మళ్లీ వెనక్కి వస్తోంది.

"పోటెక్కుతందండీ, ఇప్పుడొద్దండీ!" అని పోలేశ్వరి అడ్డం పడింది.

"ప్రోగ్రాం షీటులో పదకొండు గంటల నీటిమట్టం ఇచ్చాం. దాని ప్రకారం మోకాలి లోతే," అన్నారు త్రివిక్రమరావు గారు.

చంకల దాకా బూటు లాగు తొడుక్కుని భూలోకమ్మ గట్టు దిగింది. నలభై ఏళ్లుగా లెక్కపెట్టుకున్న భయాలన్నీ ఒక్కసారే ముందుకొచ్చి నిలబడ్డాయి. కూతురి మొహం తలచుకుని వాటిని దాటింది. ఒకడుగు. రెండడుగులు. ఇరవై అడుగులు వెళ్లేసరికి నీళ్లు నడుముకొచ్చాయి. గుల్ల కోసం కాలితో తడిమింది. ఉన్ని అడుగు కింద బురద, రాయి, గుల్ల అన్నీ ఒకటే. ఏమీ తెలియలేదు. ఇంకో అడుగు వేయబోతే కాలు రాలేదు. రెండో కాలూ రాలేదు. ఉన్ని అట్ట బురదను పీల్చుకుని, బురద బూటును పట్టుకుని, రెండూ అచ్చంగా సరిపోయాయి.

"బాబోయ్! కాళ్లు రావట్లేదండీ!"

త్రివిక్రమరావు గారు పుస్తకం తిప్పారు. "జారిపడినప్పుడు అని ఉంది, దిగబడినప్పుడు అని లేదు. భూలోకమ్మ గారూ! మీరు కాస్త జారిపడగలరా?"

నీళ్లు రొమ్ములకొచ్చాయి. లాగు అంచు దాటి చల్లగా లోపలికి దిగాయి. బెల్టు లేని లాగు బిందెలా నిండటం మొదలెట్టింది. చిలక తీసిన కార్డు కళ్లముందు కదిలింది భూలోకమ్మకు.

దబ్బున చప్పుడైంది. గార్డు ఈల వేస్తున్నా వినకుండా పోలేశ్వరి దూకింది. "నగ్నపాదం! నగ్నపాదం!" అని అరిచి గుమస్తా టైము రాసుకున్నాడు. పిల్ల పీతలా బురద మీద జరజరా వచ్చి తల్లి భుజాల పట్టీలు లాగి పడేసింది.

"అమా, దాన్నొగ్గేసి పైకి రా!"

"ఇది గవర్నమెంటుదే!"

"నువ్వు నాదానివే, రా!"

చంకల్లో చేతులేసి ఒక్క గుంజు గుంజింది. లాగులోంచి భూలోకమ్మ గుల్లలోంచి మాంసంలా ఊడివచ్చింది. కూతురి మెడ పట్టుకుని పది అడుగులు తేలి, వట్టి కాళ్లు బురదలో ఆనించింది. మెత్తగా, వెచ్చగా ఉంది. కుడి బొటనవేలి కింద ఏదో గుండ్రంగా, గరుగ్గా తగిలింది.

"పోలేశూ," అంది, "ఇక్కడేదో ఉందే."

అంత ఏడుపులోనూ పిల్ల మునిగి తీసింది. గుల్ల! భూలోకమ్మ దాన్ని గుప్పిట్లో పట్టుకుని గట్టెక్కింది.

షామియానా చాలా దూరం. పెద్ద సారు బైనాక్యులర్లలో చూస్తున్నారు. ఆయనకు కనపడింది రెండే. నీళ్ల మధ్య నిటారుగా నిలబడ్డ బూటు లాగు, గట్టు మీద గుల్ల పట్టుకున్న ఆడమనిషి.

"అద్భుతం! ప్రవాహంలో కూడా కవచం అంగుళం కదల్లేదు. గుల్ల కూడా వచ్చింది," అన్నారాయన. చప్పట్లు మోగాయి.

*

వారంలో ఉత్తర్వు వచ్చింది. కవచము నీటియందు స్థిరముగా నిలిచి ఉన్నంత కాలము నిబంధన అమలైనట్లే భావించవలెను. దాన్ని మరిడమ్మ రెండుసార్లు చదివించుకుని, పకపకా నవ్వి, మిగిలిన అరవై మూడు బూటు లాగుల్నీ పాయలో వరసగా పాతించేసింది. ఇప్పుడు పాటు వేళకు తలల్లేని మనుషులు అరవై నలుగురు బురదలో నిలబడి ఉంటారు. వాళ్ల మధ్య అరవై ముగ్గురు ఆడవాళ్లు వట్టికాళ్లతో గుల్లలు ఏరుకుంటారు. లాగుల నిండా పీతలు కాపురం పెట్టాయి. పీతల్లో చిన్నా పెద్దా లేదు, అన్నింటికీ సరిపోయాయి.

భూలోకమ్మకు మాత్రం విడిగా ఒక నోటీసు వచ్చింది. ప్రదర్శన మధ్యలో కవచమును త్యజించి, అనుమతి లేకుండా నగ్నపాదములతో ప్రాణములతో బయటికి వచ్చినందులకు ఏడు దినములలో లిఖితపూర్వక సంజాయిషీ ఇచ్చుకోవలెను.

పోలేశ్వరి తెల్లకాగితం, పెన్ను తెచ్చి తల్లి ముందు పెట్టింది. "రాసి పారెయ్ అమా. పనిలో పని, నర్సమ్మ దగ్గర సూదిమందు ఇంకా రాలేదని కూడా రాసెయ్."

భూలోకమ్మ పెన్ను మూత తీసింది. "అయ్యా," అని రాసింది. సూది అని రాయబోయి ఆగింది. కాలంటే బూటు లాగు వచ్చింది. గుల్లంటే ట్రాక్టర్లతో రాళ్లు వచ్చాయి. సూదంటే? సూది ఎవరి ఒంటికి సరిపోతుందో కొలవడానికి ఎవరొస్తారో? అరవై నలుగురికీ కలిపి సగటు తీసి, గడపారంత సూది ఒకటి జీపులో వేసుకొస్తే? పిల్లని వరసలో నిలబెడితే?

గబగబా మూత పెట్టేసి, కాగితం నాలుగు మడతలు పెట్టి పొయ్యిలో దోపింది.

"ఏటే అది, నోటీసుకి జవాబు రాయవా? భయం లేదా నీకు?" అంది పోలేశ్వరి.

"భయం కాబట్టేనే," అంది భూలోకమ్మ. చీర కుచ్చిళ్లు ఎగదోపి, గోడకున్న పాత తట్ట అందుకుంది. "పద, పాటు తీత్తంది. నా చెయ్యి మాత్తరం ఒదలకు."